రూరీ పీట్ వామి

మా దీవిలో పాత బడి మూతపడ్డ పన్నెండేళ్లకు ఇమొజెన్ అనే ఆవిడ దాన్ని కొని, సున్నం కొట్టించి, “నేల–నుడి కేంద్రం” అని బోర్డు పెట్టింది. లండన్ నుంచి, బెర్లిన్ నుంచి జనం వచ్చి వారం రోజులు ఉంటారు. పొద్దున పర్యావరణ పాఠం, మధ్యాహ్నం కవిత్వమో బొమ్మలో, సాయంత్రం గుండ్రంగా కూర్చుని కళ్లు తుడుచుకోవడం. నేను అక్కడ వంటమనిషిని. ప్రకృతి గురించి నన్నెవరూ ఏమీ అడగరు గాని, నా బార్లీ సూప్ ఒక్క పూట ఆలస్యమైతే ఒక్కరి నోటా కవిత్వం రాదు.

కేంద్రానికి మైలు దూరంలో, చిత్తడి నేల పక్కన, దారి వారగా రూరీ తన పీట్ వామి పేర్చుకున్నాడు. పీట్ అంటే చిత్తడిలో గడ్డి, నాచు కుళ్లి గట్టిపడిన నల్లటి మట్టి. మే నెలలో దాన్ని ఇటుకల్లా కోసి, వేసవంతా తిప్పి తిప్పి ఎండబెట్టి, వాన జారిపోయేలా ఏటవాలుగా, చేప ముల్లు వరసలో పేర్చాలి. చలికాలమంతా పొయ్యిలోకి అదే. ఊళ్లో మిగతా అందరం ఆయిల్ బాయిలర్లు పెట్టించుకుని ఒళ్లు పెంచాం. డెబ్బై ఆరేళ్ల రూరీ మాత్రం, గుండె ఆపరేషన్ అయి ఏడాది తిరక్కుండానే, ఆ చాకిరీ అంతా ఒంటిచేత్తో చేశాడు. ఆయన తల్లి ఆ ఇంటికి కాపురానికి వచ్చినప్పుడు వెలిగించిన నిప్పు ఇంతవరకూ ఆరలేదు. రాత్రి బూడిద కప్పడం, పొద్దున్నే రేపడం. ఆయన ఆస్పత్రిలో ఉన్న మూడు వారాలూ నేనే వెళ్లి దాన్ని కాచాను.

వామిని ఇంటికి తోలడానికి ట్రాక్టర్ కావాలి. చెడిపోయిన ట్రాక్టర్‌కు ఏదో విడిభాగం పడవ మీద రావాలి. మా పడవ సంగతి తెలిసిందే, గాలి వీస్తే రాదు. అక్టోబర్ వచ్చినా వామి దారి పక్కనే ఉంది.

అప్పుడే “చిత్తడితో సంభాషణ” అనే వారానికి పద్దెనిమిది మంది దిగారు. మొదటి రోజు షికారులోనే వామి వాళ్ల కంట పడింది. ఇదివరకు వచ్చిన కళాకారులెవరో కట్టిన శిల్పం అనుకున్నారు. మంగళవారం దాని బొమ్మలు గీశారు. బుధవారం దాని మీద కవితలు చదివారు. బెర్లిన్ నుంచి వచ్చిన క్లెమెన్స్ అనే పొడుగాటి మనిషి దాన్ని కావలించుకుని అరగంట నిలబడ్డాడట. నాకు ఇవేవీ తెలియవు. వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతున్నాను.

శుక్రవారం మధ్యాహ్నం అందరూ మోచేతుల దాకా నల్లగా, మొహాలు వెలిగిపోతూ వచ్చారు.

“ఎఫీ, ఇవాళ సూప్ ఇంకాస్త వెయ్యి. నేలది నేలకు ఇచ్చేశాం” అంది ఇమొజెన్.

“ఏమిచ్చారు తల్లీ?”

“దారి పక్కన ఆ పీట్ శిల్పం ఉందే, అది. నాలుగు గంటలు, మాటా పలుకూ లేకుండా, చేతి నుంచి చేతికి. ఒక్కొక్క గడ్డనూ మళ్లీ చిత్తడి గుంటల్లోకి వదిలాం.”

“మొదట్లో మునగలేదు. తేలుతూనే ఉన్నాయి. కర్రలతో నొక్కి పట్టుకున్నాం” అన్నాడు క్లెమెన్స్, కళ్లలో నీళ్లతో.

గరిటె పక్కన పెట్టాను. అది ఒక ముసలాయన చలికాలమని చెప్పాను. ఒకావిడ, “ఎంత లోతైన విషాదం” అని పుస్తకం తీసి రాసుకుంది. ఆ క్షణాన ఆవిణ్ణి ఆ సూప్‌లో ముంచాలనిపించింది.

రూరీకి చెప్పడానికి నేనే వెళ్లాను. పొయ్యి పక్కన కూర్చుని బూట్లు ఆరబెట్టుకుంటున్నాడు.

“అన్నీనా?” అన్నాడు.

“అన్నీ. గుంటల్లో వేశారు. మునగకపోతే కర్రలతో నొక్కారట.”

“మంచి పనిమంతులే పిల్లా. మేలో పంపించి ఉంటే కోతకు పెట్టుకునేవాణ్ణి.” నాకు యాభై ఎనిమిదేళ్లు, ఆయనకింకా పిల్లనే. నవ్వాడు గాని నిప్పు మీంచి చూపు తిప్పలేదు.

మర్నాడు ఆయన్ను కేంద్రానికి పిలిచి అందరి మధ్యా కూర్చోబెట్టారు.

“రూరీ, మీ బాధ వినడానికి మేమందరం సిద్ధంగా ఉన్నాం” అంది ఇమొజెన్.

“మీరు వింటే మా ఇల్లు వెచ్చబడుతుందా అమ్మా?”

“బొగ్గు కొనిచ్చేదాన్నే. కానీ నేలలోంచి తవ్వినదేదీ కాల్చకూడదని మా నియమావళిలో ఉంది.” పద్దెనిమిది మందిలో పదకొండు మంది విమానంలో వచ్చారని నాకు తెలుసు, ఎవరు ఎలా వస్తున్నారో, ఏం తినరో రాసిన కాగితం నా దగ్గరే ఉంది. “మీకిక్కడే ఒక గది ఇస్తాం. మే నెల దాకా ఉండండి. మా నివాస పెద్దగా.”

“అంటే ఏం చెయ్యాలి?”

“ఏమీ చెయ్యక్కర్లేదు. ఉంటే చాలు.”

రూరీ లేచి టోపీ పెట్టుకుని వెళ్లిపోయాడు. బొగ్గు నేను తెస్తానంటే, “మా అమ్మ నిప్పుకు బొగ్గు పెట్టను” అన్నాడు. మొండితనం ఆయనకు పుట్టుకతో వచ్చింది. ఇంట్లో మిగిలిన గోనెడు పీట్ పదిరోజులొచ్చింది. పదకొండో రోజు పొద్దున కేంద్రం వంటింటి కిటికీలోంచి చూస్తే ఆయన పొగగొట్టంలోంచి పొగ రావడం లేదు. నా జన్మలో దాన్ని అలా చూడలేదు. ఆ నిప్పును నా ఇంటికైనా తెచ్చుకోవలసింది. కానీ అయిదేళ్ల కిందటే నా పొయ్యిని పలకతో మూయించి, దాని ముందు టీవీ పెట్టుకున్నాను. పద్దెనిమిది మందిని తిట్టుకున్న నోటితోనే నన్ను నేను తిట్టుకుని ఏడ్చాను.

చలిని గుండె తట్టుకోదని డాక్టర్ హెచ్చరించాక రూరీ చిన్న సంచీతో కేంద్రానికి వచ్చాడు. పెద్ద కిటికీ దగ్గర కుర్చీ వేశారు. మాట్లాడడం బాగా తగ్గించేశాడు. ఎప్పుడైనా వంటింట్లోకొచ్చి, “పిల్లా, ఇక్కడి గోడలు వెచ్చగా ఉంటాయి గాని, కూర్చుని చూసుకోవడానికి ఏమీ లేదు” అంటాడు.

తర్వాతి సోమవారం కొత్త బృందం వచ్చింది. ఇమొజెన్ వాళ్లను కిటికీ దగ్గరికి తీసుకెళ్లి, గొంతు తగ్గించి ఏదో చెప్పింది. మంగళవారం ఆయన బొమ్మలు గీశారు. బుధవారం ఆయన మీద కవితలు చదివారు. గురువారం ఒకడు అడక్కుండానే ఆయన్ను కావలించుకుని అలాగే నిలబడ్డాడు. రూరీ వాడి భుజం మీంచి నన్ను చూశాడు.

శుక్రవారం వాళ్లు నేలది నేలకు ఇచ్చే రోజు. సూప్ వండలేదు. పొద్దున్నే కుర్చీ ఒకటి లాక్కుని, గరిటె పట్టుకుని రూరీ పక్కన కూర్చున్నాను.