దీపం దించేవాడు

ఈ కళ్ళజోడు కాడ ఊడిపోయి దారంతో కట్టుకున్నది ఇవాళొక్కరోజు నిలిస్తే చాలు, చదివేటప్పుడు జారి బల్లమీద పడిందంటే ముందు వరస గొల్లుమంటుంది, మామూలు రోజైతే గొల్లుమననీ అనుకుందును, నలభై ఏళ్ళుగా ఈ చర్చిలో ఆదివారం వాక్యం చదివేది నేనే, ఆరాధనయ్యాక మెట్లమీద కూర్చుని కోతలు కోసేదీ నేనే, ఏట్లో చేప నా సైకిల్ని మింగి మరుసటేడు గంట కొట్టుకుంటూ నీళ్ళలో తిరిగిందంటే, అయితే లైటు కూడా వేసుకుందా తాతా అని అడిగేంత ప్రేమ వీళ్ళకి నామీద, కానీ ఇవాళ నవ్వకూడదు, దేవుడా ఇవాళ మాత్రం ఎవ్వరూ నవ్వకుండా చూడు, రెండో పాట మూడో చరణంలోకి వచ్చారు, ఇంకొక్క చరణం, తర్వాత నేనే లేవాలి, ముందు వరసలో ఫ్యాను కింద పెద్దాయన కళ్ళు మూసుకుని పాడుతున్నాడు, మా సంఘానికి పెద్ద, రంగుల కార్ఖానాకి యజమాని, ఆ కార్ఖానా గేటు కాసే నాకు కూడు పెట్టేవాడు, ఆయన కోటు లోపలి జేబులో నేను శుక్రవారం సంతకం పెట్టిన కాగితం ఉంది, వెనక తలుపు దగ్గర గోడకి ఆనుకుని వాడి భార్య ఉంది, పాడడం లేదు, పెదవులైనా కదలడం లేదు.

వాడంటే కార్ఖానాలో రంగునీళ్ళ తొట్టి కడిగేవాడు, నన్ను బాబాయ్ అనేవాడు, నా కోతకి పైకోత వేసే మొనగాడు వాడొక్కడే, ఆ చేపే బాబాయ్ మొన్న నన్ను ఆపి పంక్చరు ఎక్కడ వేస్తారని అడిగింది అనేవాడు, నేలలో రెండు నిలువుల లోతు ఆ తొట్టి, నీళ్ళు తోడేశాక అడుగున మడ్డి, మడ్డిమీద కంటికి కనపడని పాడుగాలి, అందుకే మనిషి దిగేముందు తాడుకి దీపం కట్టి దించాలి, వెలుగుతూ ఉంటే దిగొచ్చు, ఆరిపోతే దిగకూడదు, ఆ దీపం దించే పని నాది, గేటు పక్కన మేకుకి వేలాడుతూ ఉంటుంది, ఆ మంగళవారం మేస్త్రీ వచ్చి, దీపం గీపం వద్దు ముసలాయనా, మధ్యాహ్నానికల్లా తొట్టి నిండాలన్నారు పెద్దాయన, కానియ్యి కానియ్యి అన్నాడు, సరేనన్నాను, వాడు అంచున కూర్చుని కాళ్ళు లోపలికి వేసి, ఏం బాబాయ్ ఇవాళ దీపం లేదా అని అడిగాడు, అడిగాడు, మేస్త్రీని కాదు నన్నే అడిగాడు, నేనేమన్నాను, నీ మొహమే వెలిగిపోతోంది కదరా, అదే చాలు, దిగు అన్నాను, నవ్వాడు, నవ్వుతూనే దిగాడు, నిచ్చెన మూడో మెట్టు దాకా ఆ నవ్వు వినపడింది, అక్కణ్ణుంచి వినపడలేదు, ఇప్పటికీ వింటూనే ఉన్నాను.

కాగితంలో వాడు తాగి ఉన్నాడని, వద్దన్నా దిగాడని రాశారు, వాడా, చర్చిలో ప్రభువు బల్ల దగ్గర ఇచ్చే చెంచాడు ద్రాక్షరసానికే మొహం చిట్లించేవాడు, పెద్దాయన మెత్తగానే అడిగాడు, చూడు తాతా, కార్ఖానా మూస్తే ఇంతమంది ఏమైపోతారు, పోయినవాడికి ఇక కొత్తగా నొప్పేముంది అన్నాడు, పోయినవాడికి లేదు, నిజమే, కానీ ఆ కాగితం రేపు తనిఖీ అధికారి చేతిలో పడితే తప్పంతా వాడిదే అవుతుంది, కార్ఖానా వెనక కూలిగదుల వరసలో వాడి భార్య ఉంటున్న గది పోతుంది, సామాను సర్దుకోమ్మా అని మేస్త్రీ అప్పుడే చెప్పివెళ్ళాడట, ఆ పిల్లకి ఆరో నెల, నేను సంతకం పెట్టకపోతే గేటు పక్కన నా గది పోతుంది, డెబ్బై రెండేళ్ళవాణ్ణి, మంచమూ దుప్పటీ నెత్తిన పెట్టుకుని ఎక్కడికి పోను, పెట్టాను, పల్లెబడిలో పలకమీద దిద్దిన గుండ్రటి అక్షరాలతో, చెయ్యి వణకనైనా లేదు, నాకు నోరు లేకపోయినా ఆదివారం చదివే దేవుడి పుస్తకానికి ఉంది కదా, అదే చెబుతుంది, ఆయన విని సిగ్గుపడి ఆ కాగితం చించేస్తాడు, రెండు రాత్రులు ఈ ఆశతోనే ఎలాగో కన్ను మూశాను.

పాట అయిపోయింది, లేచాను, కళ్ళజోడు నిలిచింది, పుస్తకంలో గొర్రెలు కాసుకున్న ఒక ప్రవక్త పుటలు తెరిస్తే అన్నీ పెన్సిలు గీతలే, పెద్దాయన తండ్రి ఈ పైకప్పు వేయించిన ఏడు అప్పటి పాస్టరుగారు గీసినవి, ఇక్కణ్ణుంచి ఇక్కడిదాకా వదిలెయ్యి నాయనా, మంచివాళ్ళ మనసు నొచ్చుకుంటుంది అన్నారు, అప్పట్నుంచీ గీత కనపడితే చాలు నా నాలుక కాలవ దాటే మేకలా దూకేస్తుంది, పుస్తకాలున్నవాళ్ళూ తెరవరు, తాత చదువుతాడుగా అని, ఇవాళ దూకలేదు, గీతల మధ్యకి ఒక్కో మెట్టూ దిగాను, మీ పాటల రొద ఇక చాలన్నాడు దేవుడు, మీ కానుకల వంక కన్నెత్తి చూడనన్నాడు, బీదవాణ్ణి తొక్కి కట్టుకున్న రాతి ఇళ్ళలో మీరు కాపురముండరన్నాడు, న్యాయాన్ని ఏరులా పారనివ్వమన్నాడు, పెద్దాయన కళ్ళు తెరిచాడు, చెయ్యి కోటు జేబులోకి పోయింది, పోయింది దేవుడా పోయింది, రుమాలు తీశాడు, నోటికి అడ్డం పెట్టుకున్నాడు, భుజాలు కదులుతున్నాయి, ఏడుస్తున్నాడనుకున్నాను, అంత సంతోషం నా బతుకులో ఎప్పుడూ ఎరగను, తర్వాత నోటి మీంచి రుమాలు తీశాడు, నవ్వుతున్నాడు.

ఆయన వెనకే ముందు వరస, దాని వెనక వరస, ఎన్నడూ వినని మాటలు, చదివింది నేను, ఇంకేం కావాలి, తాత ఇవాళ వాక్యంలోనే కోత వేశాడర్రా అని ఎవరో, మన పాట అంత ఘోరంగా ఉందేమిటే దేవుడే చాలన్నాడూ అని టైలరు పెళ్ళాం, నవ్వలేక కళ్ళు తుడుచుకుంటోంది, ఆ మాటలు అందులో ఉన్నాయని నాతోపాటు తెలిసినవాడు ఒక్క పాస్టరుగారే, ఆయన తన బూట్ల వంక చూసుకుని గొంతు సవరించుకుని మూడో పాట చెప్పాడు, పాడారు, మరింత గట్టిగా పాడారు, బయటికి వచ్చేటప్పుడు పెద్దాయన నా భుజం తట్టి, బాగా నవ్వించావు తాతా, కానీ దేవుడి మాటతో ఆటలాడకు అన్నాడు, పుస్తకం నా చంకలోనే ఉంది, తెరిచి ఇదిగో అనొచ్చు, ఒక్కసారి వేలు పెట్టి చూపించొచ్చు, నేను పళ్ళికిలించాను.

ఆయన కారు ఎక్కి వెళ్ళాక బెంచీల మధ్య ఆ పిల్ల ఒక్కతే మిగిలింది, పొట్టమీద చెయ్యి పెట్టుకుని మెల్లగా వచ్చింది, బాబాయ్, ఆ మాటలు నిజంగా అందులో ఉన్నాయా, నువ్వు కల్పించావా అంది, ఉన్నాయమ్మా, ఒట్టు, ఇదిగో చూడు అని ఆత్రంగా తెరిచి గీతల మధ్య వేలు పెట్టాను, నాకు చదువు రాదు కదా బాబాయ్ అంది, పుస్తకం వంక చూడనే లేదు, నా మొహం వంక చూసింది, తాడు కొద్దికొద్దిగా వదులుతూ తొట్టిలోకి దీపం దించినట్టు తన చూపుని నా మొహంలోకి దించింది, నేను ఊపిరి బిగబట్టుకున్నాను, ఆ కళ్ళలో వెలుగు ఒకసారి ఊగింది, ఆరిపోయింది, సరేలే బాబాయ్ అని వెనక్కి తిరిగింది, చదువు రానివాళ్ళకి దేవుడి మాట రాసి ఉండేది చదివేవాడి మొహం మీదే, ఆ మొహాన్ని నేను శుక్రవారమే సంతకం పెట్టి ఇచ్చేశాను.