అక్క కారుకు వేసిన లావు బార్

మలుపుల్లో కారు ఒరుగుతోందని, వెనక సీట్లో పాపకు కడుపులో తిప్పుతోందని అక్క చెప్పగానే నాకు ఎక్కడలేని హుషారొచ్చింది. ఇరవై ఏళ్ల మెకానిక్‌ని, నాకిదో లెక్కా? ముందు చక్రాలను కలుపుతూ బండి ఒరగకుండా ఆపే సన్నని కడ్డీ, యాంటీ రోల్ బార్, తీసేసి లావుది బిగించాను. ఒరుగుడు తగ్గింది.

మా షెడ్డులో వీల్ అలైన్‌మెంట్ చేసే అమ్మాయి అప్పుడే అంది.

"అన్నా, ఇది ముందు చక్రాలతో నడిచే బండి. లాగడం, తిరగడం రెండూ వాటి నెత్తినే. ముందు ఇంత గట్టిగా చేస్తే పట్టు తగ్గుతుంది. స్టీరింగ్ తిప్పినా తిన్నగా పోతుంది. లావుది వెనక వేయాల్సింది."

"గుడ్డొచ్చి పిల్లను వెక్కిరించిందట. నీ పని చూసుకో!" అన్నాను.

పది రోజులకు, వానలో, అక్క కారు మలుపు తిరగకుండా డివైడర్ ఎక్కింది. అదృష్టం, బంపర్‌తో పోయింది. అక్క షెడ్డులో తలొంచుకుని నిలబడింది.

"నలభై కూడా దాటలేదురా. స్టీరింగ్ మొత్తం తిప్పాను, అయినా తిన్నగానే పోయింది. నాకే చేతకాలేదేమో."

నాకు వెంటనే అర్థమైంది. ఆ అమ్మాయి నా వంకే చూస్తోంది. నా నోట్లోంచి వచ్చిన మాట మాత్రం ఇది: "వానలో నెమ్మదిగా నడపాలి కదక్కా."

అక్క ఇంటింటికీ తిరిగి రోగులను చూసే నర్సు. కారు లేకపోతే ఆ ఉద్యోగం లేదు. "మీ అక్క ఇక నడపగలిగేది చక్రాల కుర్చీ ఒక్కటే," అని బావ వేళాకోళమాడితే అక్క నవ్వలేదు. నేను నవ్వాను. సిగ్గులేని నవ్వు.

బంపర్‌తో పాటు బార్ కూడా మార్చేశాను. ముందు పాతదే, వెనక కాస్త లావుది. వాన పడుతుండగానే అదే మలుపులో తిప్పి చూశాను. చెప్పినట్టు తిరిగింది. నాకు ఏడుపొచ్చింది.

కారు ఇవ్వడానికి వెళ్తే అక్క, ఇక కారు నడపలేనంటూ, రాజీనామా రాస్తోంది.

"నీ తప్పేం లేదక్కా. నేను బార్ తప్పు చోట వేశాను. అందుకే తిరగలేదు."

బావ పేపర్ దించాడు. అక్క కలానికి మూత పెట్టింది.

"నీకెప్పుడు తెలిసింది?"

ఇవాళే అనొచ్చు. నాలుక చివరిదాకా వచ్చింది.

"నువ్వు షెడ్డులో చెప్పగానే."

అక్క తిట్టలేదు. తిడితే బాగుండేది. నా చేతిలోంచి తాళం తీసుకుని కిందికి దిగింది. వెనకే వెళ్లి, ఆమె స్టీరింగ్ ముందు కూర్చోగానే పక్క సీటు తలుపు తెరిచాను.

"నువ్వు ఎక్కకు," అంది.