షాఫ్టుకు చుట్టిన దారులు

టీ గ్లాసులు కడిగి బోర్లించి అక్కచెల్లెళ్లిద్దరూ షెడ్డులోకి వెళ్లారు. కొన్నాళ్లుగా మలుపు తిరిగినప్పుడల్లా కారు ముందు చక్రం టకటకమంటోంది. చెల్లెలు వయసంతా గ్యారేజీలోనే గడిపిన మనిషి, చప్పుడు వినగానే షాఫ్టు చివరి కీలు అరిగిందని చెప్పేసింది. షాఫ్టంటే గేరుపెట్టె నుంచి వచ్చి చక్రాన్ని తిప్పే ఇనుప కడ్డీ.

అక్క దర్జీ. ఈమధ్య మతిమరుపు పట్టుకుంది. పోయిన వారం కూడలి దగ్గర ఇంటికి ఎటు తిరగాలో తోచక, చెల్లెలు వెతుక్కుంటూ వచ్చేదాకా కారులోనే కూర్చుండిపోయింది. అప్పటినుంచి తాళంచెవి చెల్లెలి జేబులోనే ఉంటోంది.

"బాగయ్యాక ఇస్తావా?" అంది అక్క.

"చూద్దాం."

"నువ్వు చూద్దామన్నావంటే ఇవ్వనని. చిన్నప్పుడు నా పలకకీ ఇదే మాట. చూద్దాం చూద్దామని చివరికి ముక్కలు ఇచ్చావు."

"సరే, నీ కళ్లజోడు ఎక్కడుందో చెప్పు, ఇచ్చేస్తాను."

అక్క నెత్తి తడుముకుంది. అక్కడ లేదు.

"మెడలో వేలాడుతోంది తల్లీ. రా, బ్రేకు తొక్కిపట్టు."

చక్రం నేల మీద ఉండగానే నడిమి నట్టు వదులు చేసుకోవాలి. అక్క తొక్కింది. చెల్లెలు పానాకి పొడుగు పైపు తొడిగి ఒళ్లంతా దాని మీద వేస్తే నట్టు కిర్రుమంది. ఆపైన కారును జాకీతో ఎత్తి, స్టాండ్ల మీద ఆనించి, చక్రం తీసి, కింది కీలు విడదీసి, గేరుపెట్టె కింద పళ్లెం పెట్టింది. షాఫ్టు లాగేసరికి కాస్త ఆయిలు కారింది. దాని వెనకే దారులు జారిపడ్డాయి.

ఏ షాఫ్టు ఊడదీసినా అది తిరిగిన దారులన్నీ ఇలాగే ఊడొస్తాయి, అరచేయి వెడల్పున బూడిదరంగు నాడాల్లా. కొత్త కీలు వేసేలోగా వాటిని దులిపి మళ్లీ చుట్టిపెట్టాలి. చుట్టే పని అక్కది.

బజారు దారిని మొదటి గుంత తగలగానే పోల్చుకుంది. ఆసుపత్రి దారికి ఇంకా మందుల వాసన పోలేదు. ఒక పొట్టి నాడా మాత్రం ఎంత తిప్పి చూసినా పరాయిదిలాగే ఉంది.

"ఇదెక్కడిదే?"

గ్రీజు కూరుతున్న చెల్లెలు తలెత్తింది.

"కూడలి నుంచి మనింటికక్కా."

చెల్లెలి చెయ్యి తనకు తెలియకుండానే జేబు తడిమింది. అది అక్క కంటపడింది.

అక్క లోపలికి వెళ్లి కత్తెరా సూదీ తెచ్చుకుంది. ఇంటి దారి అంచు వెంట పొడుగునా సన్నని పేలికలు కత్తిరించి, మిగతా దారులన్నిటి కొసలకూ ఒక్కొక్కటి కుట్టుకుంటూ పోయింది. మనసు తప్పినా చెయ్యి తప్పలేదు. పోగు ఎక్కడా పైకి తేలలేదు.

"అదేం పనే?"

"పొట్టి గుడ్డతో అన్నిటికీ అంచు వేస్తున్నాను. నీ పని నువ్వు చూసుకో."

దారులన్నీ చుట్టుకున్న షాఫ్టును చెల్లెలు గేరుపెట్టెలోకి తోసింది. లోపలి రింగు టక్కున కూర్చుంది. లాగి చూస్తే రాలేదు. కింది కీలు బిగించి, చక్రం వేసి, కారు దించాక అక్క మళ్లీ బ్రేకు తొక్కింది, చెల్లెలు కొత్త నట్టు బిగించింది. కారినంత ఆయిలూ పోసింది.

అక్క సీట్లోంచి దిగలేదు. చెయ్యి చాపింది. చెల్లెలు చేతులు తుడుచుకున్నంతసేపూ ఆలోచించి, తాళంచెవి ఇచ్చి పక్కన కూర్చుంది.

బజారు దాకా వెళ్లారు. టకటక లేదు. తిరిగొస్తుంటే కూడలిలో అక్క మొహం తుడిచిన పలకలా అయిపోయింది. చెల్లెలు నోరు తెరవబోయింది.

"చెప్పకు," అంది అక్క.

స్టీరింగు మీద చేతులు ఊరికే ఆనించింది. చక్రం కుట్టు మీదికి ఎక్కినట్టు చిన్నగా ఎగిరింది. కారు ఎడమకి తిరిగి, నెమ్మదిగా వచ్చి ఇంటి ముందు ఆగింది.

చెల్లెలు తాళంచెవి తీసుకెళ్లి తలుపు పక్క పాత మేకుకే తగిలించింది, అక్కకి అందే ఎత్తులో.

మర్నాడు ఎదురింటాయన గుమ్మంలో స్కూటరు తిప్పుకోలేక అవస్థ పడుతున్నాడు.

"వీధి కాస్త ఇరుకైనట్టు లేదూ?"

"రాత్రి వానకి తడిసింది కదా బాబూ," అంది అక్క, మేకు మీది తాళంచెవి అందుకుంటూ. "తడిస్తే ఏ గుడ్డయినా కొంచెం కుంచించుకుపోతుంది. బజారుకి వెళ్తున్నాను, ఏమన్నా తేవాలా?"