నాలుగు భుజాలెక్కిన గుమ్మడికాయ

బస్సు డ్రైవరు రెండో పెళ్లి చేసుకున్నప్పుడు ఇంట్లోకి కొత్తగా వచ్చినవి మూడు: దర్జీ పని చేసే భార్య, ఆమె ఎనిమిదేళ్ల కొడుకు, వాళ్లిద్దరికన్నా ఎక్కువ చోటు ఆక్రమించిన కుట్టుమిషను. అప్పటికే ఆ ఇంట్లో డ్రైవరు, అతని పద్నాలుగేళ్ల కూతురు, చనిపోయిన మొదటి భార్య తల్లి ఉన్నారు. ఆ పెద్దావిడ దర్జీకి ఏమవుతుందో వరసలు బాగా తెలిసినవాళ్లు కూడా తేల్చలేక చేతులెత్తేశారు. చివరికి దర్జీయే ఒకరోజు "అత్తయ్యగారూ" అనేసింది. పిల్లవాడు అక్కను చూసి తనూ ఆవిడను "అమ్మమ్మా" అన్నాడు. పిలుపులు కుదిరాయి గాని పొయ్యి దగ్గర మాత్రం కుదరలేదు.

పొదుపులో ఇద్దరూ ఇద్దరే. కాని ఒకరి పొదుపు ఇంకొకరికి గిట్టదు. పెద్దావిడ తొక్క పారేయనివ్వదు, గింజ పారేయనివ్వదు, కాడలు కూడా కడిగి దాస్తుంది. దర్జీకి అసలు మిగలడమే నచ్చదు. సొరకాయ మీద టేపు పరిచి, సుద్దతో గీతలు గీసి, అయిదుగురికి అయిదు భాగాలుగా కోస్తుంది. "ఇది కూరా, జాకెట్టా?" అని పెద్దావిడ గొణిగేది. ఇద్దరూ కలిసి ఒప్పుకున్న నియమం ఒక్కటే: ఉన్న కూరగాయ అయిపోయేదాకా కొత్తది ఇంట్లోకి రాకూడదు.

అలాంటి ఇంటికి ఒక ఆదివారం సాయంత్రం డ్రైవరు పిల్లవాడి నడుమంత లావున్న బూడిద గుమ్మడికాయ మోసుకొచ్చాడు.

"ఎవరో బస్సులో మరిచిపోయారు. మూడు రోజులు డిపోలో ఉంచాం, ఎవరూ రాలేదు. నన్ను పట్టుకుపొమ్మన్నారు."

"ఊరికేనా?" అన్నారు ఇద్దరు ఆడవాళ్లూ ఒక్క గొంతుతో. వాళ్లు ఒకే మాట అనడం డ్రైవరు వినడం అదే మొదలు. సంతోషంతో ఉబ్బిపోయాడు పాపం, ముందున్నది తెలియక.

సోమవారం గుమ్మడికాయ కూర. మంగళవారం గుమ్మడికాయ వేపుడు. బుధవారం పెద్దావిడ తొక్కలన్నీ ఉడకబెట్టింది. పిల్లవాడు నమిలి, నమిలి, "కాలరు తింటున్నట్టుంది" అన్నాడు. దర్జీ కుమారుడు కాబట్టి కాలరు రుచి అతనికి తెలుసు. గురువారం మధ్యాహ్నం దర్జీ చారు పెట్టింది. డ్రైవరు గరిటెతో అడుగుదాకా వెతికాడు.

"ఇందులో గుమ్మడికాయ ఏదీ?"

"కరిగిపోయిందండీ."

"అయితే అయిపోయినట్టేనా?" అతని మొహం వెలిగింది.

"అబ్బే, ఇంకా సగం కాయ ఉంది."

మొహం ఆరిపోయింది.

సాయంత్రం దర్జీ టేపు మెడలో వేసుకుని వంటింట్లోకి వెళ్లేసరికి ఆ సగం కాయ లేదు. అల్మరాలో లేదు, బల్ల కింద లేదు, బియ్యం డబ్బా వెనక లేదు. అందరినీ ముందుగదిలో నిలబెట్టింది.

"నేను కాదు," అన్నాడు పిల్లవాడు, ఇంకా ఎవరూ ఏమీ అడగకముందే.

"ఏది నువ్వు కాదురా?"

"ఏదైనా."

దర్జీ అందరినీ తేరిపార చూసింది. "సరే. చెప్పకపోయినా తెలిసిపోతుంది. బూడిద గుమ్మడికాయ మోసినవాళ్ల భుజానికి బూడిద అంటుకుంటుంది."

నాలుగు చేతులు నాలుగు భుజాల మీదికి వెళ్లాయి. అందరికన్నా ముందు వెళ్లిన చెయ్యి పెద్దావిడది.

"అత్తయ్యగారూ! మీరు కూడానా?"

"భుజం నొప్పమ్మా. వయసు కదా."

ఇక దాచి లాభం లేకపోయింది. బడి నుంచి ముందుగా వచ్చిన పిల్లవాడు కాయను మెట్ల కింద దాచాడు. అక్కడ సైకిలు పెట్టబోయిన అక్క దాన్ని చూసి, పిన్ని రేపటికోసం పెట్టుకుందేమోనని భయపడి డాబా మీద నీళ్ల ట్యాంకు వెనక్కి చేర్చింది. ఆరేసిన యూనిఫారం తీయడానికి పైకి వెళ్లిన డ్రైవరు, అంత కష్టపడి తప్పించుకున్న కాయను మళ్లీ పట్టివ్వడానికి మనసొప్పక, కిందికి దించి పెరట్లో గోనెసంచి కప్పాడు. మొక్కలకు నీళ్లు పోయబోయిన పెద్దావిడ సంచి ఎత్తి చూసి, అటూ ఇటూ చూసి, దాన్ని గోడ మీంచి పక్కింటి మంగలి భార్య చేతిలో పెట్టేసింది.

"పారేయలేదు సుమా," అంది పెద్దావిడ గట్టిగా. "ఇచ్చాను. ఇవ్వడం వేరు, పారేయడం వేరు."

దర్జీ కుట్టుమిషను ముందు స్టూలు మీద కూలబడింది. "అంత బాగాలేకపోతే ఒక్కరైనా చెప్పచ్చు కదా?"

"నువ్వు బాధపడతావని, పిన్నీ," అంది అక్క. "అమ్మమ్మ కూడా బాధపడుతుందని."

"నా తొక్కలకేమొచ్చిందే?"

దర్జీ మెడలోని టేపు తీసి మిషను మీద పెట్టింది. తర్వాత నెమ్మదిగా అంది: "నాకు మొదట్నించీ గుమ్మడికాయ పడదు. మీరందరూ ఇష్టంగా తింటున్నారు కదా అని నోరుమూసుకుని వండుతున్నా."

డ్రైవరు పగలబడి నవ్వాడు. పిల్లవాడు అక్క వీపు మీద చరిచి మరీ నవ్వాడు. అక్క వాణ్ణి తిరిగి చరిచింది. పెద్దావిడ నవ్వు దాచుకోవడానికి దగ్గింది.

అప్పుడే తలుపు తట్టి మంగలి భార్య వచ్చింది, చేతిలో మూతపెట్టిన గిన్నెతో. "మీరిచ్చిన కాయతోనే చేశాను. మీరూ కాస్త రుచి చూడండి."

ఆమె వెళ్లాక అయిదుగురూ గిన్నె చుట్టూ చేరి, ఆస్పత్రిలో మందు తీసుకునేవాళ్లలా తలా ఒక ముక్క నోట్లో వేసుకున్నారు. అక్క రెండో ముక్క తీసుకుంది. పిల్లవాడు నాలుగో ముక్కలో ఉన్నాడు. డ్రైవరు "అబ్బా!" అనబోయి, ఇద్దరు ఆడవాళ్ల మొహాలూ చూసి, దాన్ని ఆవలింతగా మార్చుకున్నాడు.

"ఉప్పెక్కువైంది," అంది దర్జీ.

"ఆ నూనె చూశావా? మనకైతే నెల వస్తుంది," అంది పెద్దావిడ.

"ముక్కలు చూడండి, ఒక్కటీ ఒక కొలతలో లేదు."

"తొక్కంతా పారేసుంటుంది, దుబారా మనిషి."

"అంత నూనెలో వేయిస్తే వాళ్లాయన గడ్డం బ్రష్షైనా బాగానే ఉంటుంది, అత్తయ్యగారూ."

పెద్దావిడకి ఈసారి నవ్వు ఆగలేదు. కళ్లనీళ్లు తుడుచుకుంటూ స్టూలు పక్కనే కూర్చుంది. ఇద్దరూ లోపాలన్నీ ఏకరువు పెట్టడం పూర్తయ్యేసరికి గిన్నె అడుగు కనిపించింది. ఎక్కువ తిన్నది వాళ్లిద్దరే.

దర్జీ గిన్నె కడుగుతూ వెనక్కి తిరిగి అడిగింది: "రేపు ఏం వండుదాం, అత్తయ్యగారూ?"

"ఏదైనా సరేనమ్మా," అంది పెద్దావిడ, తడిగుడ్డతో భుజం తుడుచుకుంటూ. "చిన్నదైతే చాలు."