గెలిచినవాడి వైపు ఒరిగే ఓడ

ఆ ఓడలో వంటవాడు పొద్దున్నే పొయ్యి వెలిగించే ముందు చేసే మొదటి పని, నిన్నటి పేకాటలో ఎవరు గెలిచారో కనుక్కోవడం. కుడివైపు గదివాడు గెలిస్తే గిన్నె కింద కుడిపక్కన చెక్కముక్క పెట్టాలి. ఎడమవైపు గదివాడు గెలిస్తే ఎడమపక్కన. మరిచిపోయాడా, ఇక అంతే సంగతులు. కూరంతా ఒక పక్కకి చేరి మాడిపోతుంది, అన్నం ఇంకో పక్క పలుకుగా మిగిలిపోతుంది, ఆ తిట్లన్నీ వంటవాడికి.

గెలిచినవాడు పడుకునే గది ఎటుంటే ఓడ అటు ఒరిగేది. ఎందుకని ఎవరూ అడగలేదు. కొత్తగా చేరినవాడికి మొదటిరోజు ప్రాణరక్షణ పడవ ఎక్కడుందో, స్నానాల గదిలో వేడినీళ్ళ కుళాయి ఎటు తిప్పాలో చెబుతారు కదా, ఆ వరసలోనే ఇదీ చెప్పేసేవారు.

ఒళ్ళు మండేది ఒక్క చీఫ్ ఆఫీసరుకి. ఓడని నిటారుగా నిలబెట్టడం ఆయన ఉద్యోగం. అడుగున అటూ ఇటూ నీళ్ళ ట్యాంకులుంటాయి. ఓడ ఎడమకి ఒరిగితే కుడి ట్యాంకులోకి నీళ్ళు తోడించాలి, కుడికి ఒరిగితే ఎడమ ట్యాంకులోకి. పిల్లికి చెలగాటం, ఎలుకకి ప్రాణసంకటం. తను ఎలుకనని ఆయనకి బాగా తెలుసు, దాంతో కోపం ఇంకా పెరిగేది.

పేకాట మాన్పించకూడదా అంటారేమో. మాన్పించి, ఏం చేయమంటారు? ఓడ ఉద్యోగమంటే ఊరూరా తిరిగి లోకం చూడటమని అనుకునేవాళ్ళకి ఒక నమస్కారం. కనిపించేది నీళ్ళు. భోజనాల గదిలో ఒక క్యారమ్ బోర్డు ఉంది, స్ట్రైకరు ఎప్పుడో పోయింది, సీసా మూతతో ఆడతారు. టీవీలో అవే నాలుగు సినిమాలు, అందరికీ డైలాగులు నోటికొచ్చు. రేవుల్లో అయినా దిగి కాస్త తిరుగుదామంటే, రేవులన్నీ ఊరికి దూరంగా, కంచెల వెనక ఉంటాయి. సరుకు దించేలోపు దొరికే గంటో రెండు గంటలో నావికుల క్లబ్బుకి పోవచ్చు. అక్కడ గుడ్డ చిరిగిన బిలియర్డ్స్ బల్ల, నాణేలు మింగి పాట పాడే జూదం మిషనూ ఉంటాయి. పాట మాత్రం బాగుంటుంది. డబ్బులు పెట్టి ఆడకూడదని ఓడలో కెప్టెన్ ఆర్డరు. అందుకని నెలనెలా కంపెనీ ఇచ్చే సబ్బులు పెట్టి ఆడేవారు.

ఇంజను గదిలో యంత్రాలకి నూనె పెట్టే ఆయిలర్లు ఇద్దరు. చిన్నవాడిని జోకరు అనేవారు, ఎప్పుడు చూసినా వాడి చేతిలో జోకర్లే పడతాయి కాబట్టి. పెద్దవాడు డ్రాపు మామ. ముక్కలు చేతికి రాగానే విప్పి చూసి, నిట్టూర్చి, "డ్రాపు" అని ఆట వదిలేసి బోర్లించేసేవాడు. ఓడెక్కిన దగ్గర్నించీ అతని నోట గెలిచినవాళ్ళనే "షో" అన్నమాట విన్నవాడు లేడు. జోకరు గది ఎడమవైపు, మామ గది కుడివైపు. కాబట్టి నెలల తరబడి ఓడ ఎడమకే ఒరిగి ఉంది, చీఫ్ ఆఫీసరు కుడి ట్యాంకు నిండా నీళ్ళు పట్టించి ఉంచాడు. జోకరు గెలిచిన సబ్బులు మంచం కింద పట్టక బూట్లలో దాచుకునేవాడు.

"ఓ సబ్బివ్వరా అల్లుడూ, ఒళ్ళు జిడ్డోడుతోంది."

"మొన్నే ఇచ్చాను కదా మామా?"

"అదీ ఓడిపోయాను."

ఇద్దరి ఒప్పందాలూ ఎప్పుడో ముగిశాయి. బదులు మనిషి వస్తేగాని దిగడానికి లేదు. కంపెనీ వాళ్ళు వచ్చే రేవు అంటారు, ఆ రేవు వచ్చాక మళ్ళీ వచ్చే రేవు అంటారు. మామకి కడుపు రగిలిపోయేది, కానీ ఎవరి మీద అరవాలో తెలిసేది కాదు. నూనెడబ్బా మీద అరిచేవాడు.

ఆ మధ్య ఇంటికి ఫోన్ చేస్తే భార్య నెమ్మదిగా చెప్పింది.

"కోపంతో అనడం లేదండీ. మీరొస్తారని రెండు గ్లాసులు కడిగిపెట్టడం, వీధిలో బండి ఆగితే తలెత్తి చూడటం, ఇవన్నీ అలవాట్లు. ఒక్కోటీ తప్పిపోతున్నాయి. మొన్న బండి ఆగింది, నేను తలెత్తలేదు. ఈసారి కూడా మీరు రాకపోతే మొత్తం మరిచిపోతానేమో."

"ఈ రేవులో దిగిపోతున్నాగా."

"పోయిన రేవప్పుడూ అదే అన్నారు."

తిట్టినా బాగుండేది. తిడితే బతిమాలుకోవచ్చు. అలవాటు తప్పుతున్న మనిషిని ఏమని బతిమాలతారు?

రేవు దగ్గరపడ్డాక కంపెనీ నుంచి కబురొచ్చింది. బదులు ఆయిలరు వస్తున్నాడు, కానీ ఒక్కడే. ఇద్దరిలో ఎవరు దిగాలో ఓడలోనే తేల్చుకోండి అని. కెప్టెన్ అది చదివి వినిపించి, "మీలో మీరే చూసుకోండయ్యా" అని చేతులు దులుపుకున్నాడు.

జోకరు ఓడెక్కాక వాడికి కొడుకు పుట్టాడు. "వాడు నన్ను ఫోననుకుంటున్నాడు మామా. మా ఆవిడ ఫోను చార్జింగుకి పెడితే దాని పక్కన కూర్చుని నాన్నా నాన్నా అంటున్నాడట."

నువ్వే వెళ్ళరా అనే పెద్దమనసు మామకి రాలేదు. పోనీ మామా నువ్వెళ్ళు అని వాడూ అనలేదు. అంటే ఎవరైనా నమ్మేవారా? మర్నాడు మధ్యాహ్నం, రేవు బయట లంగరు వేసి ఉన్నప్పుడు, భోజనాల గదిలో ముక్కలు పంచారు. ఒక్కటే ఆట. గెలిచినవాడు ఇంటికి.

మామ ముక్కలు విప్పాడు. పదమూడు ముక్కలూ పదమూడు దారులు. "డ్రాపు" అన్నమాట నాలిక చివరిదాకా వచ్చింది. అందరూ దానికోసమే ఎదురుచూస్తున్నారు. బండి ఆగినా తలెత్తని మనిషి గుర్తొచ్చింది. ఆ మాటని మింగేసి, ముక్క లాగాడు.

పనికొచ్చే ముక్క పడింది. తర్వాతిదీ పనికొచ్చింది. తనకేమైనా జ్వరమా అని నుదురు తడుముకున్నాడు. కాసేపటికి చేతిలో ముక్కలు వరసగా నిలబడ్డాయి. మామ వాటిని బల్ల మీద పరిచాడు.

"షో."

వంటవాడి చేతిలో గరిటె జారి పడింది. జోకరు ఆ ముక్కలని రెండుసార్లు చూశాడు. "న్యాచురల్ వరస కూడా ఉంది," అన్నాడు చిన్నగా.

అప్పుడు ఓడ ఒరిగింది. ఇన్నాళ్ళూ ఎడమకి లాగిన జోకరు అదృష్టం ఖాళీ అయ్యింది, కుడి ట్యాంకులో నీళ్ళు నీళ్ళలాగే ఉన్నాయి, వాటికి తోడు మామ గెలుపు. గ్లాసులన్నీ జారిపోయాయి, క్యారమ్ బోర్డు గోడకి గుద్దుకుంది. పైనుంచి చీఫ్ ఆఫీసరు కేక వినబడింది.

"ఎవడ్రా గెలిచింది?"

ఆ సమయానికే ఓడని రేవులోకి దారి చూపించి తీసుకెళ్ళే పైలట్ పడవలో వచ్చి నిచ్చెనెక్కాడు. ఓడ వాలకం చూసి తల అడ్డంగా ఊపాడు. రేవు కాలువ సన్నగా, లోతు తక్కువగా ఉంటుంది, ఇలా ఒరిగి పోతే ఒక పక్క నేలకి తగులుతుంది. పోటు తగ్గేలోపు ఓడ నిటారుగా నిలబడితే తీసుకెళతాను, లేకపోతే మీ చోటు వెనకున్న ఓడకి ఇచ్చేస్తారు, మీరు ఇంకో రేవు చూసుకోండి అన్నాడు. ఇంకో రేవంటే మళ్ళీ నెలల మాట. ఎవరూ దిగరు.

చీఫ్ ఆఫీసరు కుడి ట్యాంకు తోడించడానికి పంపు ఆన్ చేయించి, భోజనాల గదిలోకి ఊడిపడ్డాడు.

"ఓడెక్కిన దగ్గర్నించీ ఒక్క ఆట గెలవలేదు, ఇవాళే దొరికిందా నీకు?"

"నేనేం చేయను సార్, ముక్కలు పడ్డాయి."

"ఓడిపో. ఇప్పుడే. ఇది ఆర్డరు."

"ఓడిపోతే దిగేది వాడు కదా సార్!"

"నువ్వు గెలిస్తే ఎవరు దిగుతున్నారు?"

ముందు నుయ్యి, వెనక గొయ్యి. మామకి ఏడుపొచ్చింది. జన్మకో గెలుపు గెలిస్తే, దాన్ని వెనక్కిచ్చేయమని ఓడంతా మీదపడుతోంది. బల్ల మీద గుద్దాడు, ముక్కలు ఎగిరిపడ్డాయి, గుద్దిన చేయి నొప్పెట్టింది, ఇంకేమీ కాలేదు. చివరికి, కనీసం ఒకడైనా ఇల్లు చేరతాడు కదా అని, "పంచరా," అన్నాడు.

పంచగానే "డ్రాపు" అన్నాడు. ఓడ కదల్లేదు. వదిలేసుకోవడం వేరు, ఓడిపోవడం వేరని ఆ ఓడకి తెలిసినట్టుంది. సరే అని ఆడుతూ ఓడిపోవడానికి చూశాడు. చేతికొచ్చిన జోకరు ముక్కని మామ విసిరికొట్టాడు, మళ్ళీ జోకరే వచ్చింది. వరసలు తెంపాడు, తెంపినచోట కొత్త వరసలు మొలిచాయి. ఇక గెలిచేస్తున్నానన్న కంగారులో చిన్నవాడు లేని వరసకి షో కొట్టి దొరికిపోయాడు. మామ మళ్ళీ గెలిచాడు. మళ్ళీ పంచారు, మళ్ళీ గెలిచాడు. కింద పంపు ట్యాంకుని ఎంత తోడుతుంటే, పైన మామ గెలుపు అంత బరువెక్కుతోంది. ఓడ మాత్రం ఒరిగినచోటే ఉంది.

"ఎలా ఓడిపోవాలో కూడా నేర్పాలిట్రా నీకు?" అని చీఫ్ ఆఫీసరు జుట్టు పీక్కున్నాడు.

"ఇన్నాళ్ళూ బాగానే వచ్చేది సార్," అన్నాడు మామ, మొహం ఎర్రగా చేసుకుని.

మూలన కూర్చున్న పైలట్ టీ కప్పు బల్ల మీద జారుకుంటూ మాటిమాటికీ మామ దగ్గరికి వెళ్ళిపోతోంది. మూడోసారి దాన్ని వెనక్కి తెచ్చుకుంటూ విసుగ్గా అడిగాడు. "గెలిచింది ఈయనేగా? ఏం గెలిచాడు?"

"ఇంటికి పోవడం," అన్నాడు వంటవాడు.

"మరి పంపించేయొచ్చుగా? నా పడవ కిందే ఉంది."

ఇంతసేపూ అందరూ అతన్ని ఎలా ఓడించాలా అని చూశారు గానీ, గెలిచినవాడికి గెలిచింది ఇచ్చి పంపేద్దామని ఎవరికీ తట్టలేదు. చీఫ్ ఆఫీసరు పైలట్ వంక, మామ వంక చూసి, కుర్చీలో కూలబడ్డాడు. కబురందుకుని వచ్చిన కెప్టెన్ కాగితాలు మోకాలి మీద పెట్టుకుని సంతకం చేశాడు. వంటవాడు వంటింట్లోకి పరిగెత్తి గిన్నె కింద చెక్కముక్క తెచ్చి మామ చేతిలో పెట్టాడు. "ఉంచుకో. దీనితో నాకంటే నీకే పని పడుతుంది."

జోకరు మామ సంచీ మోసుకొచ్చాడు. నిచ్చెన దగ్గర దాన్ని ధబ్బున దించాడు.

"కోపమా అల్లుడూ?"

"ఉండదా మామా?" వాడు సముద్రంలోకి చూస్తూ అన్నాడు. "ఇన్నాళ్ళూ నేను గెలిచినవన్నీ సబ్బులు. నువ్వు ఒక్కసారే గెలిచావు."

మామ సిగ్గుపడుతూ, "ఓ సబ్బివ్వరా. ఇంటికి వట్టి చేతులతో పోతున్నాను," అన్నాడు.

జోకరు నవ్వకూడదనుకున్నాడు, నవ్వొచ్చేసింది. జేబులోంచి సబ్బు తీసి ఇచ్చాడు.

మామ పడవలో కాలుపెట్టగానే, గెలుపు అతని వెంటే దిగినట్టు, పడవ ఒక పక్కకి ఒరిగింది. వెనక ఓడ మెల్లగా లేచి, నెలల తర్వాత నిటారుగా నిలబడింది. వంటింట్లోంచి గిన్నె దొర్లిన చప్పుడు, ఆ వెంటనే వంటవాడి తిట్లూ వినిపించాయి. జోకరు రెండు రేవుల తర్వాత దిగాడని, కొడుకు వారం రోజులు దగ్గరికి రాలేదని, ఆ తర్వాత చంక దిగలేదని ఎప్పటికో తెలిసింది.

ఇంటి ముందు బండి ఆగింది. కిటికీలో భార్య తల వంచుకుని ఏదో కుట్టుకుంటోంది. తలెత్తలేదు. అతను తలుపు కొట్టాడు.

"వచ్చారా," అంది, పక్కింటివాళ్ళని అడిగినట్టు. అటక మీంచి రెండో గ్లాసు దింపి, దుమ్ము కడిగి మంచినీళ్ళిచ్చింది. ముందుగదిలో చాప వేసి, "ఇక్కడ గాలి బాగా వస్తుంది," అంది. ఆవిడ మంచం లోపలి గదిలో ఉంది. అతను దారిపొడవునా ఎన్నో మాటలు కూడబలుక్కున్నాడు.

"సబ్బు తెచ్చాను," అన్నాడు.

"సబ్బు ఉందండీ ఇంట్లో," అని ఆవిడ వంటింట్లోకి వెళ్ళిపోయింది.

అతను చాప మీద కూలబడ్డాడు. ఆలస్యమైపోయింది అనుకున్నాడు. ఓడలో ఉన్నప్పటి కంటే ఎక్కువ బాధేసింది, ఎందుకంటే ఇక దిగడానికి రేవు లేదు.

వంటింట్లోంచి ఒక నిమ్మకాయ దొర్లుకుంటూ గడప దాటి వచ్చి అతని కాలి దగ్గర ఆగింది. ఆవిడ వచ్చి తీసుకెళ్ళింది. తర్వాత ఉల్లిపాయ. తర్వాత దారపు ఉండ, విప్పుకుంటూ. మూడోసారి ఆవిడ వెంటనే వెళ్ళలేదు, దారం చుట్టుకుంటూ గుమ్మంలో నిలబడింది.

"ఇల్లు ఇటు ఒరిగిందేమండీ?"

"గెలిచాను."

"మీరా? ఏం గెలిచారు?"

చెప్పాడు. "డ్రాపు" మింగేసిన దగ్గర్నించి పైలట్ పడవ దాకా అంతా చెప్పాడు. ఆవిడ మొదట నిలబడి వింది, తర్వాత గోడకి ఆనుకుంది, తర్వాత నేల వాలుగా ఉండటంతో చాప చివరికి జారి కూర్చుంది.

"ఎన్నాళ్ళుంటుంది ఇది?"

"మళ్ళీ ఆడి ఓడిపోయేదాకా."

ఆవిడ దారపు ఉండని ఒళ్ళో పెట్టుకుంది.

"అయితే ఇక ఆడకండి."

అతన్ని మళ్ళీ ఏ ఓడా ఎక్కించుకోలేదు. పనిలో చేర్చుకునే ఆఫీసులో అతను కుర్చీలో కూర్చోగానే బల్ల మీది పెన్నులన్నీ అతని ఒళ్ళోకి దొర్లాయి, గుమాస్తా దండం పెట్టి పంపేశాడు. ఇప్పుడు వీధి చివర పంపులు బాగుచేసే కొట్లో పనిచేస్తున్నాడు. పేకముక్క ముట్టలేదు. ముందుగది చాప ఎప్పుడో అటకెక్కింది, రెండో గ్లాసు కింద ఉండిపోయింది. ఆ ఇంట్లో ఆవిడ పొద్దున్నే చెక్కముక్క చేత్తో పట్టుకుని, పొయ్యి వెలిగించే ముందు చేసే మొదటి పని, ఆయన ఏ గదిలో ఉన్నాడో చూసుకోవడం.