మూడున్నర రూపాయల వడ్డీ

నేను అరచేతిలో సగం కూడా రాని ఒక ప్లాస్టిక్ ముక్కను. నా బరువు ఐదు గ్రాములు. నన్ను జేబులో పెట్టుకున్న మనిషికి రెండేళ్ళలో ఏం జరిగిందో చెబుతాను. అప్పుడు చెప్పడానికి నాకు నోరు లేకపోయింది. ఉంటే మొదటి నెలలోనే అరిచి ఉండేదాన్ని.

నన్ను పేరు తెలియని ఊళ్ళో, పెద్ద ఫ్యాక్టరీలో తయారుచేశారు. పలచటి రేకులు ఒకదానిమీద ఒకటి పేర్చి, వేడిమీద అదిమి, గోరంత చిప్పు అతికించి, పదహారు అంకెలు వేశారు. వాటి కింద ఒక పేరు: కె. పెంచలయ్య. కవర్లో నాతోపాటు ఒక చిన్న పుస్తకం కూడా పెట్టారు. చీమ తలకాయంత అక్షరాలు, నలభై పేజీలు. నా గుణం, నా రోగం, నా ఆకలి అన్నీ అందులో రాసే ఉన్నాయి. పెంచలయ్య దాన్ని విప్పనైనా విప్పలేదు. బీరువా కాలు ఒకటి ఎత్తు తక్కువైందని దాని కింద పెట్టాడు.

పెంచలయ్య నెల్లూరు డిపోలో కండక్టరు. పంతొమ్మిదేళ్ళ సర్వీసు. ఆత్మకూరు రూట్లో ఎక్కేవాళ్ళకి ఆయన ముఖం బాగా తెలుసు. లెక్కంటే ప్రాణం. సాయంత్రం డిపోలో డబ్బు అప్పగించేటప్పుడు పది రూపాయలు తగ్గినా మారు మాట్లాడకుండా తన జేబులోంచి తీసి పెట్టేవాడు. ఎక్కువొస్తే, ఎవరికి చిల్లర ఇవ్వడం మరిచానా అని గుర్తుచేసుకుని మర్నాడు అదే బస్సులో వెతికి ఇచ్చేవాడు. ఇలాంటి మనిషి చేతిలో పడ్డాను, ఇక నాకు చెడ్డపేరు రాదనుకున్నాను. మనుషుల గురించి నాకు అప్పటికి ఏమీ తెలియదు.

మొదటి పది నెలలూ మేము బాగానే ఉన్నాం. పెట్రోలు కొట్టించినా, ఇంటికి బియ్యం బస్తా కొన్నా, బిల్లు రాగానే మొత్తం కట్టేసేవాడు. అలా కట్టినన్నాళ్ళూ నేను ఆయన దగ్గర పైసా వడ్డీ తీసుకోలేదు. ఆ సంగతి కూడా చెప్పాలి కదా.

తర్వాత కావలిలో ఆయన అక్క కూతురికి ఓణీల ఫంక్షన్ పెట్టుకున్నారు. మేనమామ ఈయనొక్కడే. సారె పట్టుకెళ్ళాలి. భార్య కామాక్షి ముందే చెప్పింది.

"పట్టుచీరా, వెండి కుంకుమ భరిణా చాల్లే. మనకెంత కుదిరితే అంతే. నా పొదుపు డబ్బు మాత్రం అడగబాక. గది అడ్వాన్సుకని దాస్తా ఉండా."

కామాక్షికి దోశపిండి వ్యాపారం ఉంది. తెల్లారేసరికి ఇంట్లో చిన్న గ్రైండర్లో రుబ్బి, కవర్లలో కట్టి, చుట్టుపక్కల నలభై ఇళ్ళకి ఇస్తుంది. కూరగాయల మార్కెట్ పక్కన ఒక గది తీసుకుని, పెద్ద గ్రైండర్ పెట్టి, హోటళ్ళకి కూడా పిండి వెయ్యాలని ఆమె కోరిక. మహిళా సంఘంలో నెలనెలా దాచుకుంటోంది.

పెంచలయ్య సరేనని చీర కొనడానికి ఒక్కడే వెళ్ళాడు. దారిలో నగల కొట్టు. లోపలికి ఊరికే చూద్దామని వెళ్ళాడు. కొట్టు మనిషి గొలుసు తీసి నల్లగుడ్డ మీద పరిచి, "మేనమామ పెట్టేది పదిమంది చూస్తారన్నా" అన్నాడు. ఆ ఒక్క మాట చాలింది. నన్ను తీసి ఇచ్చాడు. అరవై నాలుగు వేలు. మిషను కిర్రుమని చీటీ కక్కింది. నోట్లు లెక్కపెట్టి ఇవ్వాల్సివస్తే ఆయన ఆ గొలుసు కొనేవాడు కాదు. చెయ్యి ఆగేది.

ఫంక్షన్లో అందరూ మెచ్చుకున్నారు. అక్క కళ్ళు తుడుచుకుంది. తిరిగొచ్చేటప్పుడు బస్సులో కామాక్షి అడిగింది, అంత డబ్బు ఎక్కడిదని.

"డీఏ అరియర్స్ వచ్చినాయిలే" అన్నాడు.

నేను ఆయన జేబులోనే ఉన్నాను. పది రూపాయలకి అబద్ధమాడని మనిషి అరవై నాలుగు వేలకి ఆడాడు.

బిల్లొచ్చింది. బిల్లులో రెండు అంకెలుంటాయి. ఒకటి మొత్తం బాకీ. రెండోది దాని కింద ఉంటుంది, చూడటానికి ముద్దుగా. కనీసం ఇంత కడితే చాలు అంటుంది. ఆయనకి వచ్చిన రెండో అంకె మూడువేల రెండొందలు. దాన్ని చూసి పెంచలయ్య గట్టిగా ఊపిరి వదిలాడు. ఇరవై నెలల్లో తీరిపోతుందని మనసులో భాగించుకున్నాడు.

ఎంత కోపమొచ్చిందో నాకు. అయ్యా, నా వడ్డీ నూటికి నెలకి మూడున్నర రూపాయలు. అరవై నాలుగు వేల మీద రెండువేల రెండొందల నలభై. ఆ వడ్డీ మీద ప్రభుత్వానికి పన్ను, ఇంకో నాలుగొందలు. నువ్వు కట్టిన మూడువేల రెండొందల్లో అసలుకి చేరేది ఐదొందల యాభై చిల్లర. ఇరవై నెలలు కాదు, నీ కాలమంతా కట్టాలి. ఇది బీరువా కింద ఉన్న పుస్తకంలో పద్నాలుగో పేజీలో ఉంది. తీసి చదువు.

తియ్యలేదు.

ఇంకోటి కూడా ఆయనకి తెలియదు. పాతబాకీ మొత్తం తీర్చకపోతే కొత్తగా కొన్న వాటికి గడువుండదు. గీకిన రోజునుంచే వడ్డీ మొదలు. ఆయన మాత్రం ఎప్పట్లాగే పెట్రోలుకి ఐదొందలు, మందులకి మూడొందలు గీకుతూ పోయాడు. నెలనెలా క్రమం తప్పకుండా కడుతున్నాను కదా అన్న ధీమా. ఒకసారి కామాక్షి సంఘానికి కట్టమని ఇచ్చిన డబ్బు వేరే ఖర్చయిపోతే, ఏటీఎంలో నన్ను పెట్టి పదివేలు తీశాడు. ఆ తియ్యడానికే ఐదొందలు రుసుము, పైన వడ్డీ.

ఏడాది తిరిగాక ఒక నెల ఆఖరి తేదీ సాయంత్రం కట్టాడు. మర్నాడు ఆదివారం. డబ్బు సోమవారం జమైంది. ఆలస్యమని ఏడొందల యాభై వేశారు. పెంచలయ్యకి ఒళ్ళు మండింది. బస్టాండు బెంచీ మీద కూర్చుని బ్యాంకుకి ఫోన్ చేశాడు. ఒకటి నొక్కమంది, మూడు నొక్కమంది, సంగీతం వినిపించింది. పదిహేడు నిమిషాలకి ఒక అమ్మాయి పలికింది.

"మేడమ్, నేను డేటు లోపలే కట్టినా. ఫైన్ ఎందుకేసినారు?"

"చెక్ చేస్తాను సార్... మీ పేమెంట్ మాకు సోమవారం అందింది సార్."

"నా ఖాతాలో శనివారమే పోయింది కదమ్మా."

"అర్థమైంది సార్. ఈసారికి సగం తగ్గిస్తాను. మీరు మాకు చాలా మంచి కస్టమర్ సార్. ఒక్క నెల కూడా మినిమమ్ డ్యూ ఆపలేదు. మీ లిమిట్ లక్షా ఇరవై వేలకి పెంచే ఆఫర్ ఉంది. పెంచమంటారా సార్?"

కోపంతో ఫోన్ చేసిన మనిషి మెత్తబడిపోయాడు. మంచి కస్టమర్ అన్న మాట ఆయనకి డిపోలో ఇచ్చే ప్రశంసాపత్రంలా వినిపించింది. "పెంచండి" అన్నాడు. ఆ మంచితనానికి అర్థమేమిటో నాకు తెలుసు. పూర్తిగా తీర్చేవాడూ కాదు, పూర్తిగా ఎగ్గొట్టేవాడూ కాదు. అలాంటివాణ్ణి మించిన మంచివాడు మాకు ఎక్కడా దొరకడు.

గొలుసు కొని రెండేళ్ళు ముగిసేసరికి ఆయన కట్టినవన్నీ కలిపితే ఎనభై తొమ్మిది వేలు. ఇంకా ఉన్న బాకీ తొంభై నాలుగు వేలు. ఆయన ఈ రెండు అంకెల్నీ ఎప్పుడూ పక్కపక్కన పెట్టి చూడలేదు. బిల్లు మెసేజీ వస్తే కళ్ళు నేరుగా రెండో అంకె మీదకే వెళ్ళేవి. మొత్తం చూడాలంటే భయం పట్టుకుంది. ఫోన్ కామాక్షికి కనపడకుండా బోర్లించి పెట్టడం అలవాటైంది.

ఆ వానాకాలం మాగుంట లేఔట్ దగ్గర నీళ్ళలో బండి జారి కాలి మడమ విరిగింది. రెండు నెలలు మంచం. సెలవులన్నీ అయిపోయి, చేతికొచ్చే జీతం సగమైంది. రెండు నెలలు నాకేమీ కట్టలేదు. వడ్డీ, ఫైను, ఫైను మీద పన్ను కలిసి బాకీ లక్షా నాలుగు వేలకి చేరింది. ఆయన తన ఫోన్ ఎత్తడం మానేశాడు. దరఖాస్తులో రెండో నంబరుగా భార్య నంబరు రాశానన్న సంగతి మర్చిపోయాడు.

కామాక్షి పిండి కవర్లు కడుతుండగా ఫోన్ వచ్చింది. అటు మాట్లాడేవాడు మర్యాదగానే మొదలుపెట్టాడు.

"పెంచలయ్యగారి భార్యేనా అమ్మా? కార్డు బాకీ గురించి. కనీసం మినిమమ్ అన్నా ఈరోజు కట్టించండి. లేకుంటే మా మనిషి డిపోకి రావాల్సి ఉంటుంది."

"ఏం కార్డు? ఎంత బాకీ?"

"మినిమమ్ పదమూడు వేలమ్మా."

"మినిమమ్ కాదు. మొత్తం ఎంతో చెప్పు."

అతను చెప్పాడు. కామాక్షి ఫోన్ పెట్టేసి, చేతులు కడుక్కుని, మంచం దగ్గరికొచ్చి నిలబడింది. కట్టు కట్టిన కాలు దిండు మీద పెట్టుకుని పెంచలయ్య గోడవైపు చూస్తున్నాడు.

"ఏమయ్యా. ఆ గొలుసు అరియర్స్‌తో కొనలేదు కదా?"

ఆయన తల ఊపాడు. కొనలేదని.

ఆమె అరవలేదు. పర్సు ఎక్కడుందని అడిగింది. తనే తీసి, నన్ను బయటికి లాగి, అటూ ఇటూ తిప్పి చూసింది. తర్వాత ఆయన ఫోన్ చేతికిచ్చి, మొదటి బిల్లునుంచి ఒక్కొక్కటే చదవమంది. ఆయన చదువుతుంటే ఆమె క్యాలెండరు కాగితం వెనక పెన్సిలుతో వేసుకుంది. మహిళా సంఘంలో ఆరేళ్ళుగా పుస్తకం రాసేది ఆమే. సగంలో పెన్సిలు ఆగింది.

"వడ్డీ ఎంతేసినాడు?"

"నూటికి మూడున్నర."

"ఏడాదికా?"

"నెలకి."

"మూడున్నర రూపాయల వడ్డీనా? పైన పన్నా?" కామాక్షి కాగితం మీంచి తలెత్తింది. "మూలవీధి గంగులమ్మ మూడు రూపాయలు తీసుకుంటుందనే కదయ్యా, దాన్ని రాక్షసి అన్నావు. దాని గడప తొక్కొద్దని నాకు ఒట్టు పెట్టించినావు."

పెంచలయ్య ఫోన్ పక్కన పెట్టాడు. "అప్పని అనిపించలేదు కామాక్షీ. చేతికి డబ్బు రాలేదు కదా. నెలనెలా కడతానే ఉండా కదా."

"నన్నొక మాట అడిగుంటే సంఘంలో రూపాయి వడ్డీకి ఇప్పించేదాన్ని."

"అడిగితే గొలుసు ఎందుకంటావని."

"అంటా. అందుకే అడగాల్సింది."

ఆమె ముఖంలో బాకీ బాధ ఒక వంతైతే, రెండేళ్ళు పక్కనే పడుకుని చెప్పలేదే అన్న బాధ మూడు వంతులు. నాకు వడ్డీ లెక్కలు తెలుసు గానీ, దీన్ని ఎవరు ఎలా తీరుస్తారో ఆ పుస్తకంలో ఎక్కడా రాయలేదు.

మర్నాడే కామాక్షి మార్కెట్ దగ్గరికి వెళ్ళి గది వద్దని చెప్పింది. అంతకు ముందు నెలే ఇచ్చిన పదిహేను వేల అడ్వాన్సు వెనక్కి తీసుకుంది. పెద్ద గ్రైండర్ కోసం సంఘంలో ఉంచిన యాభై ఐదు వేలు తీసింది. మిగతా ముప్పై నాలుగు వేలు పెంచలయ్య ఉద్యోగుల పరపతి సంఘంలో రూపాయి వడ్డీకి తీసుకున్నాడు. కర్ర పట్టుకుని కుంటుకుంటూ వెళ్ళి సంతకం పెట్టాడు. లక్షా నాలుగు వేలూ ఒకేసారి కట్టారు. ఇంటికొచ్చి కామాక్షి జాకెట్లు కత్తిరించే కత్తెరతో నన్ను నడిమికి రెండు ముక్కలు చేసింది.

పీడ పోయిందనుకున్నారు. పోలేదు. కార్డుని కత్తిరిస్తే ఖాతా చావదు. పై నెల మళ్ళీ బిల్లు. పదహారొందల పన్నెండు రూపాయలు. బిల్లు వేసిన రోజుకీ, వీళ్ళు డబ్బు కట్టిన రోజుకీ మధ్య నడిచిన వడ్డీ అది. నేను రెండు ముక్కలై డబ్బాలో పడి ఉన్నా నా పేరుమీద వడ్డీ నడుస్తూనే ఉంది. నామీద నాకే అసహ్యం వేసిన రోజు అది.

ఈసారి ఫోన్ బోర్లించలేదు ఆయన. మెసేజీ రాగానే తీసుకెళ్ళి ఆమెకి చూపించాడు. ఇద్దరూ కలిసి బ్యాంకుకి వచ్చారు, నా రెండు ముక్కలూ చిన్న కవర్లో వేసుకుని. ఆఫీసరు యాభై ఏళ్ళ మనిషి. కంప్యూటర్లో చూసి, ఆ డబ్బు కట్టించుకుని, ఇక వెళ్ళొచ్చన్నాడు.

"కాగితం ఇయ్యండి సార్" అంది కామాక్షి. "బాకీ లేదని, ఖాతా మూసేసినామని రాసి, ముద్రేసి."

"మెయిల్ వస్తుందమ్మా."

"వచ్చిందాకా కూర్చుంటాం. ఆయనకి ఈరోజు డ్యూటీ లేదు."

గంటన్నర కూర్చున్నారు. ఆఫీసరు చివరికి మెయిల్ కాగితం మీద తీసి ముద్ర వేసి ఇచ్చాడు. పెంచలయ్య దాన్ని రెండుసార్లు చదివాడు, వెనక కూడా తిప్పి చూశాడు. నా ముక్కల్ని ఆఫీసరు తీసుకుని బల్ల కింద చెత్తబుట్టలో వేశాడు. ఇప్పుడు నేను మీతో మాట్లాడుతున్నది ఆ బుట్టలోంచే. పైన టీ కప్పులు, చిరిగిన చలాన్లు.

లేవబోతూ కామాక్షి ఆగింది.

"సార్, ఒక మాట. ఆ కనీసం కట్టమనే అంకె బిల్లులో ఎందుకేస్తారు?"

"కట్టలేనివాళ్ళకి వెసులుబాటమ్మా."

"కట్టలేనోళ్ళ దగ్గరేనా మూడున్నర రూపాయలు తీసుకునేది?"

ఆఫీసరు ఆమెవైపు చూశాడు. చెడ్డమనిషేమీ కాదు. "రూల్సమ్మా" అని, వెనక నిలబడ్డ మనిషిని రమ్మని చెయ్యి ఊపాడు.

వాళ్ళు తలుపు దగ్గరికి చేరాక పెంచలయ్య అన్న మాట నాకు సన్నగా వినిపించింది.

"ఆ గది సంగతి... మళ్ళీ అడిగి చూద్దామా?"

"అది మొన్ననే సెల్‌ఫోన్ల షాపు వాళ్ళు తీసుకున్నారు" అంది కామాక్షి. "మెట్లు ఉండాయి, చూసి దిగు."