అక్షరాల్లో రేణుకమ్మ

బోధన్ బస్టాండు ఎదురుగా భానుప్రసాద్‌కు ఫొటో స్టూడియో ఉంది. పెళ్లిళ్లు లేని నెలల్లో అతను ఫొటోలను అక్షరాల బొమ్మలుగా మార్చి అమ్మేవాడు. ఫొటోను కంప్యూటర్‌లో వేస్తే నీడ ఉన్నచోట చిక్కని అక్షరం, వెలుగున్నచోట చుక్కో కామానో పడుతుంది. దగ్గరికెళ్తే అన్నీ అక్షరాలే. నాలుగడుగులు వెనక్కి వస్తే మనిషి ముఖం.

అయితే అవి ఇంగ్లీషు అక్షరాలు. తెలుగువి ఒక్కోటి ఒక్కో వెడల్పు కావడంతో వరసలు జరిగిపోయి, ముక్కు చెంప మీదికి వచ్చేది. "తెలుగుల కాదు" అని భాను తేల్చేశాడు. అతని భార్య జ్యోతిరాణి పెళ్లికి ముందు నిజామాబాద్‌లో డీటీపీ సెంటర్‌లో తెలుగు టైపు చేసిన మనిషి. ఆమె ప్రతి అక్షరాన్నీ ఒకే కొలత గడిలో కూర్చింది. నీడకు లావు అక్షరం, వెలుగుకు సన్నది. ముక్కు ముక్కుచోటే నిలిచింది.

"మంచిగుంది" అన్నాడు భాను. ఆ ఒక్క మాట అనేసి కెమెరా లెన్సు తుడవడంలో పడ్డాడు.

కొన్నాళ్లకే కోటగిరి నుంచి, వర్ని నుంచి వచ్చేవాళ్లు అతని భుజం మీదుగా లోపలికి తొంగిచూసి, "అక్క లేదా?" అనడం మొదలుపెట్టారు. బోర్డు మీద ఉన్నది అతని పేరు. హోటల్లో చాయ్ తాగుతుంటే ఎవరైనా ఆమెను మెచ్చుకుంటే నవ్వేవాడు. ఇంటికొచ్చి కూరలో ఉప్పు లేదని గొడవపడేవాడు.

ఒక మధ్యాహ్నం వర్ని నుంచి ఆశన్న అనే ముసలి రైతు వచ్చాడు. చనిపోయిన భార్య రేణుకమ్మది ఒక్కటే ఫొటో ఉంది, ఫోన్‌లో. నాట్లు వేస్తూ తలెత్తి నవ్వినప్పటిది. అదీ మసక.

"గిది పెద్దగ చేస్తె పగిలిపోతది కాకా" అన్నాడు భాను.

"అక్షరాలల్ల ఆ మసక కనవడదు" అంది జ్యోతిరాణి. "అవ్వ ఎక్కువ ఏమంటుండె కాకా?"

ఆశన్న తల దించుకున్నాడు. "తిన్నవా అంటుండె. ఎప్పుడు సూడు, గదే."

ఆ ఒక్క మాటే వరసలు వరసలుగా పేర్చి జ్యోతిరాణి రేణుకమ్మ బొమ్మ చేసింది.

ఆశన్న మళ్లీ వచ్చేసరికి జ్యోతిరాణి కాగితం కొనడానికి వెళ్లింది. భాను ఫ్రేము చేతికిచ్చాడు. ఆశన్న అక్షరాల మీద వేలు పెట్టి కూడబలుక్కుని చదివాడు. తర్వాత దాన్ని బల్లకు ఆనించి గుమ్మం దాకా వెనక్కి నడిచి చూశాడు. అక్కడే కూలబడ్డాడు.

"ఎవలు చేసిండ్రు బిడ్డా?"

"నేనే కాకా" అన్నాడు భాను.

ఆశన్న అతని రెండు చేతులూ తీసుకుని కళ్లకద్దుకున్నాడు. అప్పుడే కాగితం చుట్టతో జ్యోతిరాణి గుమ్మంలో నిలబడి ఉండడం భాను చూశాడు. ఆమె అంతా విన్నది.

"నీ పెనిమిటి మా ముసల్దాన్ని మళ్ల నవ్విపిచ్చిండు బిడ్డా!"

"అవును కాకా, మంచిగ చేస్తడు" అని ఆమె లోపలికి వెళ్లిపోయింది.

నలుగురిలో తిట్టినా భానుకు అంత మండేది కాదు. తను దొంగిలించింది ఆమె అంత తేలిగ్గా ఇచ్చేసింది. అలా ఇవ్వగలగడం చూసి కూడా అతనికి అసూయే కలిగింది. ఆశన్న వెళ్లిన కాసేపటికి ఉండబట్టలేక బస్టాండుకు పరుగెత్తాడు. వర్ని బస్సులో ఆశన్న ఫ్రేమును ఒళ్లో పెట్టుకుని కిటికీ పక్కన కూర్చుని ఉన్నాడు.

"కాకా, అబద్ధం చెప్పిన. గది నా భార్య చేసింది."

"మరి నీదని ఎందుకన్నవ్?"

"ఓర్వలేక."

ఆశన్న అతన్ని తేరిపార చూశాడు. "నాట్లల్ల రేణుక ముందు వోతుండె, నేను ఎనకవడుతుంటి. ఊరంత ఆమెనే మెచ్చుకుంటుండె. నాగ్గూడ కడుపు మండుతుండె." ఇంకేదో అనబోయాడు గానీ బస్సు కదిలింది.

భాను తిరిగి వచ్చేసరికి జ్యోతిరాణి కంప్యూటర్ ముందుంది. "కాకకు నిజం చెప్పొచ్చిన" అన్నాడు. ఆమె తల తిప్పలేదు.

"గా గడుల సంగతి నాగ్గూడ చెప్పు" అన్నాడు భాను.

ఆమె చేతిలోని పని పూర్తిచేసింది. తర్వాత ఇంకో కుర్చీ లాగింది. ఆమె వేళ్లు ఆగకుండా కదులుతున్నాయి. వాటిని చూస్తుంటే భాను లోపల మళ్లీ చురుక్కుమంది. అయినా లేచిపోలేదు.

"ఇంకోసారి చూపెట్టు, మెల్లగ" అన్నాడు.